లీవు వద్దన్న ఇద్దరు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ల పిల్లలు కొందరు కలిసి, ఒమాన్‌లో రుస్తాఖ్ క్యాంపులో మేము ఒకప్పుడు నడిపిన యువజన క్లబ్బు గురించి ఒక సంచిక వేశారు. పాత ఫైళ్లు వెతికి, ఫొటోలు సేకరించి శ్రద్ధగా చేశారు. నాకూ ఒక కాపీ పంపారు. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "కంపెనీ నిబంధనల మేరకు, అప్పటి కెప్టెన్ వ్యక్తిగత కారణాలతో బాధ్యతల నుంచి తప్పుకున్నారు."

కంపెనీ నిబంధన అయితే అది వ్యక్తిగత కారణం ఎలా అవుతుంది? వ్యక్తిగత కారణమైతే మధ్యలో కంపెనీ ఎందుకొచ్చింది? సంచిక వేసిన పిల్లలకు ఆ అనుమానం రాలేదు. అది వాళ్ల తప్పు కాదు. చదివినవాళ్లకు అనుమానం రాకుండా వాక్యం రాయడం ఆ రోజుల్లో నా ఉద్యోగం. ఆ క్లబ్బు సెక్రటరీని నేనే, ఆ మినిట్స్ రాసిందీ నేనే. ఆ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.

నేను మస్కట్ చేరేనాటికి ఎనభైల చివరి రోజులు. డిగ్రీ, టైపు పరీక్ష పాసైన కాగితం, ఒక మోస్తరు ఇంగ్లీషు, ఇవీ నా ఆస్తులు. అల్ ఖువైర్‌లో మా కంపెనీ హెడ్డాఫీసు. రోడ్లు, స్కూళ్లు, నీళ్ల ట్యాంకులు కట్టే కంపెనీ. పర్సనెల్ సెక్షన్‌లో నాకు ఉద్యోగం. ఎవరి వీసా ఎప్పుడు అయిపోతుంది, ఎవరికి లీవు ఎప్పుడు, ఎవరు ఏ క్యాంపులో ఏ రూములో ఏ బెడ్డు మీద పడుకుంటారు, అన్నీ నా బల్ల మీది ఫైళ్లలో ఉండేవి. ఏసీ గదిలో కూర్చుని, ఎండలో పనిచేసేవాళ్ల గురించి వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసనుకునేవాణ్ని.

మా తెలుగువాళ్లు ఎక్కువమంది రుస్తాఖ్ క్యాంపులో ఉండేవారు. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుర్రవాళ్లు. శుక్రవారం సెలవు పూట ఏం చేయాలో తెలియక మంచాల మీద పడి ఉండేవాళ్ల కోసం మొదలైందే ఆ క్లబ్బు. అక్కడ పరాయి దేశస్థులు నలుగురు చేరి సంఘం పెట్టుకోవాలంటే ఎవరిదో ఒకరి నీడ ఉండాలి. మా నీడ కంపెనీ. మెస్సు హాలు కంపెనీది, బస్సు కంపెనీది, వాలీబాల్ నెట్ కంపెనీది. కంపెనీ ఇచ్చిన ఒక్క ఉత్తరం ముక్క వెనక్కి తీసుకుంటే మర్నాటికి క్లబ్బు లేదు. అది అందరికీ తెలుసు, అందరికంటే నాకు బాగా తెలుసు.

క్లబ్బును నిజంగా నడిపింది మాత్రం కెప్టెన్. అతను ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సర్ల ఫోర్‌మన్, కరీంనగర్ వైపు మనిషి. వాలీబాల్ టీముకు కెప్టెన్ గనక అందరూ అలాగే పిలిచేవారు. సైట్‌లో సేఫ్టీ వాళ్ల దగ్గర ప్రథమ చికిత్స నేర్చుకుని వచ్చి దాన్ని కుర్రవాళ్లకు నేర్పేవాడు. ఎండదెబ్బ తగిలితే ఏం చేయాలి, ఇనుప చువ్వ గుచ్చుకుంటే రక్తం ఎలా ఆపాలి, ఇవన్నీ. చదువురాని వాళ్లకు అక్షరాలు కూడా నేర్పేవాడు. జీతాల షీటు మీద వేలిముద్రలు తగ్గి వంకరటింకర సంతకాలు పెరగడం నేను హెడ్డాఫీసులో కూర్చునే చూశాను.

నేను నెలకోసారి ఆఫీసు పికప్‌లో రుస్తాఖ్ వెళ్లేవాణ్ని. నాకు కుర్చీ వేసేవారు, కూల్ డ్రింకు తెచ్చేవారు. కెప్టెన్ వస్తే మాత్రం చప్పట్లు కొట్టేవారు. కుర్చీకీ చప్పట్లకీ తేడా నాకు తెలుసు. తర్వాత జరిగినదాంట్లో ఈ చిన్నబుచ్చుకోవడం ఎంతుందో నేను కొలవలేను. లేదని మాత్రం అనను.

ఇక లీవు సంగతి. మా కంపెనీలో రెండేళ్లకోసారి రెండు నెలల లీవు. అది ఆర్నెల్లు ముందుకు జరిపించుకోవడానికి మనుషులు ఎన్ని కథలు చెప్పేవారో. బతికున్న తాతను మూడుసార్లు చంపినవాడు కూడా ఉన్నాడు. అందుకే లీవు ముందుకు జరపమని అడగడానికి మా దగ్గర అచ్చు ఫారం ఉండేది. వెనక్కి జరపమని అడగడానికి ఫారమే లేదు. ఆ అవసరం ఎవరికీ రాలేదు.

ఒకరోజు కెప్టెన్ నుంచి తెల్లకాగితం మీద దరఖాస్తు వచ్చింది. తన లీవును ఏడాది వాయిదా వేయమని. పని ఎక్కువగా ఉందని కారణం. ఫోర్‌మన్ కదా, సరే అనుకున్నాను. నెల తిరక్కుండా అలాంటిదే మరొకటి వచ్చింది. అదే రూములో ఉండే ప్లంబర్‌ది. కడప వైపు మనిషి, నెమ్మదస్తుడు. అతనికి అంత పనేం లేదు. పాత ఫైళ్లు తీసి చూశాను. ఏడాది కిందటా, అంతకు ముందేడూ కూడా ఇద్దరూ ఇలాగే వాయిదా వేయించుకున్నారు. దాదాపు నాలుగేళ్లుగా ఇద్దరూ ఇంటి ముఖం చూడలేదు.

ఇంటికి పోనివాడంటే మా సెక్షన్‌లో అందరికీ అనుమానమే. ఊళ్లో కేసైనా ఉండాలి, ఇక్కడ దొంగ వ్యాపారమైనా ఉండాలి. నేను వాళ్ల ఓవర్‌టైం షీట్లు చూశాను, గేటు రిజిస్టరు చూశాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. తర్వాతిసారి రుస్తాఖ్ వెళ్లినప్పుడు క్యాంప్ బాస్‌ను అడిగాను. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. క్యాంపులో దీపం, నీళ్లు, గొడవ, జ్వరం అన్నీ ఆయన చేతుల మీదే నడిచేవి.

"ఆ ఇద్దరూ ఇంటికెందుకు పోరు భాయ్?"

ఆయన తాళాల గుత్తి తిప్పుతూ నవ్వాడు. "కైకూ మియా? ఇంటికి పోనోనికి జుర్మానా ఏమన్న ఉన్నదా?"

"ఊరికే అడుగుతున్నా."

"మీ ఆఫీసోళ్లు ఊరికే ఏదీ అడగరు. ఛోడో. చాయ్ తాగు."

నేను చాయ్ తాగి, బెడ్లు లెక్క చూడాలనే వంకతో ఆ రూముకు వెళ్లాను. ఆరుగురుండే రూము. మూలనున్న వాళ్లిద్దరి మంచాల మధ్య ఒక పెట్టె, దాని మీద ఉతికి మడతపెట్టిన రెండు డ్యూటీ చొక్కాలు. పైకప్పుకున్న ఏసీ గాలి ఆ మూలకు అందదు గనక ప్లంబర్ రేకు ముక్క ఒకటి వంచి, గాలి కెప్టెన్ మంచం వైపు తిరిగేలా బిగించాడు. రూములో ఉన్న నిజామాబాద్ కుర్రవాడొకడు నాకు గొప్పగా చెప్పాడు.

"ఈ ప్లంబరన్న డ్యూటీ ఆరింటికి సారూ. అయినా నాలుగింటికే లేస్తడు, కెప్టెనన్నకు చాయ్ వెట్టనీకి. పోనీ అని మాగ్గూడ పోస్తడు."

అతని గొంతులో ఎగతాళి లేదు. ఆ రూములో నలుగురికీ తెలిసిన విషయమే, వాళ్లెవరికీ అది విషయమే కాదు. నాకు మాత్రం తిరిగి వెళ్లే దారంతా ఆ వంచిన రేకే కళ్ల ముందు కదిలింది. ఇప్పుడు మీరు మామూలుగా 'గే' అని ఒక మాట అనేస్తారు. మాకు అప్పుడు అలాంటి మాట లేదు. ఉన్నవన్నీ తిట్లే. తిట్లు తప్ప మాట లేనప్పుడు మనిషి ఆలోచన కూడా తిట్టులాగే ఉంటుంది. నా ఆలోచన అలాగే ఉండింది.

కొద్ది రోజులకు అడ్మిన్ మేనేజర్ పిలిచాడు. బొంబాయి మనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా రోజంతా పనిచేయగలడు. మా కంపెనీలో యూరప్ కంపెనీ ఒకటి భాగస్వామిగా చేరుతోంది. వాళ్లు క్యాంపుల్లో యువజన కార్యక్రమాలకు సాయం చేస్తారట. మా క్లబ్బుకు కొత్త జెర్సీలు ఇస్తారట, ఒక ప్రథమ చికిత్స గది కట్టిస్తారట. అందుకు క్లబ్బు నియమాలు కాగితం మీద ఉండాలి.

ఆయన ఇంగ్లీషులో అన్నది నాకు ఈనాటికీ గుర్తుంది, తెలుగులో చెబుతున్నాను. "ఒక్క పేజీ చాలు. క్రమశిక్షణ, ప్రవర్తన, అలాంటివి. రేపు మేనేజ్‌మెంటుకు తలనొప్పి రాకూడదు. మీవాళ్ల గురించి నీకు తెలుసు, నువ్వే రాయి."

"ప్రవర్తన అంటే సార్?"

"నీకు తెలుసు," అన్నాడు మళ్లీ, ఫైలు మూస్తూ.

అంతే. ఇంకొక్క ముక్క అనలేదు. ఆ 'నీకు తెలుసు' అన్నదాన్ని నేను ఎన్ని రకాలుగా విప్పి చూసుకున్నానో. ఆయనకు ఆ ఇద్దరి సంగతి ఎవరో చెప్పారా? నన్ను పరీక్షిస్తున్నాడా? నాకు తెలిసీ చెప్పలేదని రేపు నా మీదికి వస్తుందా? ఆ మధ్యాహ్నమే టైపు మిషన్ ముందు కూర్చుని ఎనిమిది నియమాలు కొట్టాను. మద్యం తాగి రాకూడదు, జూదం ఆడకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు వగైరా. ఏడోది ఇది: "పురుషులతో అసహజ సంబంధం ఉన్నట్టు అనుమానం కలిగినవారు సభ్యులుగా గానీ, శిక్షకులుగా గానీ కొనసాగరాదు." రుజువు అని రాయలేదు, అనుమానం అని రాశాను. రుజువు నా దగ్గర లేదు, అనుమానం ఉంది. ఉన్నదాన్ని బట్టి నియమం రాసుకున్నాను.

మేనేజర్ చదివాడు. ఏడో నియమం దగ్గర పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నా వైపు చూశాడు, మళ్లీ కిందికి వెళ్లిపోయింది పెన్సిల్. చివర పొట్టి సంతకం పెట్టాడు. ఎందుకు రాశావని అడగలేదు. తీసేయమనీ అనలేదు.

ఆ శుక్రవారం ఉదయం మెస్సు హాల్లో సమావేశం. నాలుగు బల్లలు కలిపి వేశారు. అరవై మంది దాకా వచ్చారు. క్లబ్బుకు ప్రెసిడెంటు మా స్టోర్ కీపర్, కాకినాడ పెద్దాయన. ఇంగ్లీషు ప్రతి మేనేజర్ సంతకంతో ఫైల్లో ఉంది. నేను చేతితో రాసుకొచ్చిన తెలుగు ప్రతిని ఆయనకిచ్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంటయ్యా సెక్రటరీ, ఈ ఏడోది? మన క్లబ్బులో ఇదెందుకు?"

"కంపెనీ చెప్పిందండీ," అన్నాను.

ఇదే నా మొదటి అబద్ధం. ఆయన ఇంకేమీ అడగలేదు. కంపెనీ అన్న మాట వినగానే మా అందరి నోళ్లూ అలా మూతపడేవి. కాగితం వెనక బల్లలకు వెళ్లింది. అక్కడున్నవాళ్లలో సగం మందికి చదవడం పూర్తిగా రాదు. వాళ్లు అలవాటు ప్రకారం కెప్టెన్ వైపు చూశారు.

"అన్నా, ఏమున్నదే గా కాయితంల? సదువు జర."

కెప్టెన్ కాగితం అందుకుని లేచి నిలబడ్డాడు. ఒకటో నియమం చదివి, దాని అర్థం మామూలు మాటల్లో చెప్పాడు. రెండోదీ అలాగే. తాగొచ్చేవాళ్ల గురించి ఎవడో జోకు వేస్తే నవ్వి, "నీకోసమే రాసిండ్రు రా ఇది," అన్నాడు. అందరూ నవ్వారు. ఏడోది వచ్చింది. ముందుగానే కన్ను దాని మీద పడే ఉంటుంది, ఎందుకంటే ఆరోది చదివేటప్పుడు గొంతు ఒకసారి సర్దుకున్నాడు. ఏడోది అదే గొంతుతో, అంతే నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా చదివాడు.

"అంటే ఏందన్నా?" అన్నాడు ముందు వరసలో కూర్చున్న ఒకడు. వాడికి అక్షరాలు నేర్పింది కెప్టెనే.

"అంటే," అన్నాడు కెప్టెన్, "ఒక మగోడు ఇంకో మగోని తోని మనసు పడి ఉంటే, వాడు మన క్లబ్బుల ఉండొద్దు. ఉన్నదని ఎవనికన్న అనుమానం వచ్చినా సరే, ఉండొద్దు."

ఎవరూ నవ్వలేదు. అతని రూము వాళ్లు నేల చూపులు చూశారు. ప్లంబర్ వెనక తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కెప్టెన్ అటు చూడలేదు. ఎనిమిదోది చదివి, నన్ను అడిగాడు.

"సారూ, ఈ ఏడోది కంపెనీ చెప్పిందా, మీరు రాసిండ్రా?"

"కంపెనీ," అన్నాను.

"సరే మరి."

సంతకాల కాగితం తిరిగింది. తను నేర్పిన సంతకాలు ఒక్కొక్కటే ఆ కాగితం మీద పడుతుంటే కెప్టెన్ పక్కన నిలబడి చూశాడు. తన వంతు వచ్చినప్పుడు పెన్ను పక్కవాడికి అందించేశాడు.

సమావేశం అయ్యాక హాలు వెనక నీళ్ల ట్యాంకర్ నీడలో నా దగ్గరికొచ్చాడు. ప్రథమ చికిత్స పెట్టె చేతిలో ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"కట్టుగుడ్డలు ఐపోవస్తున్నయి. తెప్పియ్యుండ్రి."

"కెప్టెన్, నేనేం చేసేది? పైవాళ్లు..."

"పైనోళ్ల ముచ్చట వద్దు సారూ. మీరు మా రూముకు వచ్చి బెడ్లు లెక్కవెట్టిపోయిండ్రు గద. ఎన్నడన్న వచ్చిండ్రా అంతకుముందు?"

నేను పెట్టె మూత గొళ్లెం సర్దాను. అతనే అన్నాడు. "మీ అనుమానం నిజమే. నేను కాదనుడు లేదు."

ఏదో ఒకటి అనాలి గనక అడిగాను. "లీవు ఎందుకు వద్దన్నారు? ఇద్దరూ?"

అతను నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూశాడు. "పోతే బెడ్డు పోతది సారూ. మీకు దెల్వదా?"

నాకు తెలియకపోవడమేమిటి, ఆ పద్ధతి నడిపేదే నేను. లీవుకు పోయినవాడి బెడ్డు వారంలోగా వేరేవాడికి ఇస్తాం. తిరిగొచ్చాక ఏ క్యాంపులో ఖాళీ ఉంటే అక్కడికి పంపుతాం, సూర్ కావచ్చు, సోహార్ కావచ్చు. ఆ ఒక్క మూల వదలకూడదని వాళ్లిద్దరూ నాలుగేళ్లు ఇల్లు మానుకున్నారు. దొంగ వ్యాపారమనీ పోలీసు కేసనీ వెతికిన నాకు ఇది తట్టలేదు.

"నేను క్లబ్బు ఇడిచిపెట్టి పోత. నా గురించి ఏమన్న రాస్కోండ్రి," అన్నాడు. "ఆయన ముచ్చట మాత్రం ఏడా రాయకుండ్రి. ఆయన వీసా ఐపోయే టైం దగ్గర పడ్డది. కాగితం ఖరాబైతే మల్ల రానియ్యరు. మాకు ఇగ వేరే జాగ లేదు సారూ. ఇంటికి పోతే ఆయనది కడప, నాది కరీంనగర్."

"రాయను," అన్నాను. "నా మీద నమ్మకం ఉంచు."

మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను. ఒక్క రోజు నిలబడింది ఆ మాట.

శనివారం మేనేజర్ అడిగాడు. "మీ కెప్టెన్ సంతకం లేదేం?"

"తప్పుకున్నాడు సార్. వ్యక్తిగత కారణాలు."

"మంచి ట్రైనర్ అని విన్నాను. యూరప్ వాళ్లకు అతణ్నే చూపిద్దామనుకున్నాను. ఎందుకు తప్పుకున్నాడు?"

అక్కడ ఆగి ఉండాల్సింది. తెలియదు సార్ అంటే సరిపోయేది. కానీ ఆయన ముఖంలో చిరాకు చూశాను. పనికొచ్చే మనిషిని పనికిమాలిన నియమంతో పోగొట్టానని అనుకుంటున్నాడని భయమేసింది. నా నియమానికి కారణం ఉందని చూపించుకోవాలనిపించింది. నా బల్ల దగ్గరికి వెళ్లి, ఇద్దరి వాయిదా దరఖాస్తులూ తీసి, పక్కపక్కన పెట్టి, స్టేపుల్ చేసి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్క మాట రాయలేదు. రాయనని కదా మాటిచ్చింది. ఆ తెలివికి ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది.

ఆయన రెండు కాగితాలూ చూశాడు. తేదీలు చూశాడు, రూము నంబరు చూశాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇక్కడ వదిలెయ్," అన్నాడు.

వారంలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. రెండూ నా చేతే టైపు చేయించారు. కెప్టెన్‌కు సూర్ సైట్‌కు బదిలీ. ప్లంబర్‌కు లీవు మంజూరు. అవును, లీవే. నాలుగేళ్ల లీవు ఒకేసారి కలిపి, విమానం టికెట్‌తో సహా. పంపించేశారని ఎవరూ అనడానికి లేదు. నాలుగేళ్లు పనిచేసిన కార్మికుణ్ని కంపెనీ దయతో ఇంటికి పంపింది. వీసా రెన్యూ చేసి కాగితం పంపితేనే అతను తిరిగి రాగలడు. ఆ కాగితం పంపవద్దని మేనేజర్ నోటితో చెప్పాడు. ఆయన ముఖ్యమైనవేవీ రాసేవాడు కాదు.

ప్లంబర్‌ను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది క్యాంప్ బాస్. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన నాతో పని విషయం తప్ప మాట్లాడలేదు. చాయ్ తాగమనడం మానేశాడు.

రెండు నెలలయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి బుధవారం, ఆఫీసు తెరవగానే. కడప నుంచి ఎస్టీడీ బూత్‌లో నిలబడి చేసేవాడు. ఆ ఫోను ఎత్తాల్సింది నేనే.

"సార్, నేను. నా పేపరు ఏమైనా వచ్చిందా?"

"ఇంకా రాలేదు. చూస్తున్నాం."

"పై వారం వస్తాదా సార్?"

"వస్తుంది. కాస్త ఓపిక పట్టు."

ఇవే మాటలు, నాలుగు నెలలు. రాదని నాకు మొదటి బుధవారమే తెలుసు. రాదని చెబితే ఎందుకని అడుగుతాడని భయం. అతను ఎప్పుడూ గొంతు పెంచలేదు, బతిమాలలేదు. బూత్ మీటరు తిరుగుతోందని తొందరగా మాట్లాడేవాడు. ఒక బుధవారం మాత్రం పేపరు గురించి అడగలేదు.

"సార్, క్లబ్బులో కట్టు కట్టేది ఇప్పుడు ఎవురు నేర్పిస్తాండారు?"

"ఎవరూ లేరు," అన్నాను. అన్ని నెలల్లో అతనికి నేను చెప్పిన నిజం అదొక్కటే.

"ఆయప్ప బాగా నేర్పిస్తాండె," అని, "సరే సార్, ఇంగ చెయ్యనులే," అన్నాడు. మళ్లీ చేయలేదు. సూర్ నుంచి కెప్టెన్ రాజీనామా ఆ నెలలోనే నా బల్ల మీదికి వచ్చింది. యూరప్ వాళ్ల డబ్బుతో కట్టిన ప్రథమ చికిత్స గదికి రిబ్బను కట్ చేసి, ఫొటో తీసి, తాళం వేశారు. నేర్పేవాడు లేడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే, నేను ఈనాటికీ 'కంపెనీ చెప్పింది' అని నన్ను నేను నమ్మించుకుంటూ ఉండేవాణ్నేమో. తొంభైల చివర్లో ఒకరోజు మేనేజర్ మళ్లీ పిలిచాడు. బల్ల మీద యూరప్ భాగస్వామి నుంచి వచ్చిన అచ్చు ఫారం ఉంది. తాము సాయం చేసే యువజన సంఘాలన్నీ దాని మీద సంతకం చేయాలట. మతం, దేశం, రంగు కారణంగా ఎవరినీ సభ్యత్వం నుంచి తొలగించం అని ఒక వరస. దాని కిందనే, స్వలింగ సంపర్కులన్న కారణంగా కూడా తొలగించం, ఇంతకుముందు తొలగించలేదు అని మరో వరస.

నేను ఆ వరసను రెండుసార్లు చదివాను.

"మీ నియమాల్లో ఏదో ఉండాలి చూడు. ఏడోది," అన్నాడు మేనేజర్, చాలా మామూలుగా. "తీసేసి కొత్తగా టైపు చెయ్. ఫారం మీద సంతకం పెట్టి పంపు. సాయంత్రం ఫ్యాక్స్ వెళ్లాలి."

"సార్, అది మీరు చెప్పారనే కదా..."

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "నేను చెప్పానా? ఏం చెప్పాను? ఎక్కడైనా ఉంటే చూపించు."

లేదు. నేను ఆ సాయంత్రం దాకా ఫైలంతా వెతికాను. ఆయన అడిగినట్టు ఒక్క కాగితం లేదు. ఉన్నది నా టైపు, కింద ఆయన పొట్టి సంతకం, అంతే. ఆయన నాతో అలా రాయించాలనే 'నీకు తెలుసు' అన్నాడా, లేక నిజంగానే జూదం, తాగుడు గురించే అన్నాడా? ఈ అనుమానం నన్ను ఇప్పటికీ వదలదు. ఆయన చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికే నాలాంటివాణ్ని ఏరి పెట్టుకున్నాడని ఒక్కోసారి గట్టిగా అనిపిస్తుంది. అయితే మీరు గమనించండి, ఆయన మీద నాకెంత అనుమానమున్నా ఆ ఏడో నియమం నా వేళ్లతో పుట్టిందే. ఆ ఇద్దరి ఫైళ్లూ చూశాకే రాశాను. వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను. స్టేపుల్ చేయమని కూడా నాకెవరూ చెప్పలేదు. పెద్ద కంపెనీలు చిన్న సంఘాల మీద పెత్తనం చేస్తాయని మీరు చదువుతుంటారు. నిజమే చేస్తాయి. కానీ చాలాసార్లు వాళ్లు ఊరికే ఒకసారి దగ్గుతారు. మిగతా పని అంతా నాలాంటి గుమాస్తా చేసిపెడతాడు.

ఆ సాయంత్రం నేను నియమాలు మళ్లీ టైపు చేశాను. ఎనిమిదోది ఏడోదైంది. ఒకప్పుడు ఇద్దరు మనుషుల్ని దేశం దాటించిన వాక్యాన్ని తీసేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫారం మీద సంతకం కూడా నేనే పెట్టాను. 'ఇంతకుముందు తొలగించలేదు.' అది నేను సంతకం పెట్టి మరీ చెప్పిన అబద్ధం. ఫైలు సరిపోవాలని పాత మినిట్స్ తీసి చూశాను. 'వ్యక్తిగత కారణాలతో' అని చక్కగా ఉంది. దిద్దాల్సిన అవసరమే లేకపోయింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉద్యోగం చేయలేదు. కంపెనీ ఏమీ అనలేదు, నాకే ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఇండియాకు వచ్చే ముందు కాగితాల పని మీద చివరిసారి రుస్తాఖ్ వెళ్లాను. క్యాంప్ బాస్‌కు జుట్టంతా నెరిసింది. ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని రూము చిట్టీలు రాసుకుంటున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. కంపెనీ చెప్పలేదనీ, నేనే రాశాననీ, దరఖాస్తులు నేనే చూపించాననీ. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మాలూమ్," అన్నాడు. "ఆ రోజే మాలూమ్. కంపెనీకి మా రూముల గాలి ఎటు తిరుగుతదో ఏం తెలుసు మియా? నీకు తెలుసు."

ఆయన మరో చిట్టీ అందుకున్నాడు. తర్వాత అడిగాను. "వాళ్ల సంగతులేమైనా తెలుసా భాయ్?"

ఆయన చిట్టీ రాయడం పూర్తి చేసి, పెన్నుకు మూత పెట్టాడు. "ఖైరియత్ సే హై, మంచిగున్నరు. ఇద్దరూ ఒక్క తాన్నే ఉన్నరు. ఏదో చిన్న పని పెట్టుకున్నరు. పండుగకు ఫోన్ చేస్తరు నాకు."

ఇద్దరూ ఒకేచోట ఉన్నారన్న ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానో అప్పుడే తెలిసింది నాకు.

"ఎక్కడ భాయ్? ఒక్కసారి కలుస్తాను. క్షమాపణ చెప్పుకుంటాను. ఊరి పేరు చెప్పండి చాలు."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. లోపలికి వచ్చే మనిషిని గేటు దగ్గర నిలబెట్టి కార్డు చూసినట్టు చూశాడు.

"నక్కో మియా, వద్దు," అన్నాడు మెల్లగా. "నువ్వు మంచిగనే అడుగుతున్నవ్. అప్పుడు గూడ నువ్వు మంచిగనే అడిగినవ్."

నేను రెండోసారి అడగలేదు.